కాకినాడ చుట్టుపక్కల సులువుగా నడవగలిగే దారులు, చిన్న కొండలు, పార్కులు: నా అనుభవంలోంచి

మీ ప్రశ్న ఇది: "మావారికి కాకినాడ ట్రాన్స్‌ఫర్ అయింది. హైదరాబాద్‌లో ఉన్నప్పుడు ఆదివారాలు చుట్టుపక్కల గుట్టలెక్కేవాళ్లం. ఇక్కడ ఎటు చూసినా చదునే. అత్తగారికి 66 ఏళ్లు, మోకాళ్ల నొప్పులున్నాయి. బాబుకి 8. అందరం కలిసి వెళ్లగలిగే చిన్న ట్రెక్కులు, నడక దారులు, పార్కులు ఉన్నాయా? లేకపోతే ట్రెక్కింగ్ అనే మాట మర్చిపోవాలా?"

మర్చిపోనక్కర్లేదమ్మా. ఈ ఊళ్లో 30 ఏళ్లు జువాలజీ పాఠాలు చెప్పి రిటైరయ్యాను. ఆదివారం పూట పిల్లల్ని, పెద్దవాళ్లని వెంటపెట్టుకుని ఈ చుట్టుపక్కల తిరగడం ఉద్యోగంలో ఉన్నప్పుడే మొదలైంది, ఇప్పటికీ మానలేదు. అందుకని ముందు సూటిగా చెప్పేస్తాను.

మీ ఇంటిల్లిపాదికీ మొదటి నడక కోరంగి మడ అడవిలోని చెక్క వంతెన దారి. రెండోది ఇంద్రపాలెం దాటాక కాలువ గట్టు. ఆ రెండూ అలవాటయ్యాకే పెద్దాపురం పాండవుల మెట్ట. అన్నవరం మెట్లు అన్నిటికన్నా చివర. అత్తగారు రోజూ నడవడానికి ఊళ్లోని వివేకానంద పార్కు, గాంధీనగర్ పార్కు చాలు.

ఈ వరస మార్చొద్దని గట్టిగా ఎందుకు చెబుతున్నానో కింద రాస్తాను.

కాకినాడ సముద్ర మట్టం కన్నా రెండు మూడు మీటర్లే ఎత్తు. గోదావరి తెచ్చిన ఒండ్రు మీద లేచిన నేల ఇది. కొండ కావాలంటే పడమరకి గానీ ఉత్తరానికి గానీ కనీసం 20 కిలోమీటర్లు పోవాలి. హైదరాబాద్ నుంచి వచ్చినవాళ్లందరూ మొదట వెతికేది ఆ కొండనే. కానీ ఈ ఊరి బలం నీళ్ల దగ్గరుంది: ఉప్పునీరు, మంచినీరు, రెండూ కలిసే చోటు. ఆ అంచులు పట్టుకుని నడిస్తే ఏడాది పొడవునా చూడటానికి ఏదో ఒకటి దొరుకుతూనే ఉంటుంది. మోకాళ్లకి శ్రమ తక్కువ, పిల్లలకి విసుగు రాదు.

కోరంగి

యానాం రోడ్డులో అరగంట ప్రయాణం. అభయారణ్యం 1978లో ఏర్పడింది, విస్తీర్ణం 235 చదరపు కిలోమీటర్లకి పైమాటే. మనం నడిచేది అందులో చాలా చిన్న ముక్క. మడ చెట్ల మధ్య నుంచి చెక్కలతో వేసిన దారి ఉంటుంది. ఎత్తుపల్లాలు లేవు, పక్కన పట్టుకోవడానికి కమ్మీలున్నాయి, చాలాచోట్ల తలమీద నీడ ఉంటుంది. మీ అత్తగారు మెల్లగా నడిచి, ఆగి, మళ్లీ నడిచినా ఇబ్బంది లేదు.

ఇక్కడికి వెళ్లొచ్చి "ఏముందండీ అక్కడ, చెట్లూ నీళ్లూ తప్ప" అన్నవాళ్లు నాకు చాలామంది తగిలారు. వాళ్లని నేను అడిగేది ఒక్కటే: ఏ తిథి నాడు వెళ్లారు?

చాలా ఏళ్ల క్రితం ఒక స్కూలు నుంచి 40 మంది పిల్లల్ని తీసుకెళ్లాను. బురద మీద గెంతే చేపల్ని చూపిస్తానని దారి పొడవునా ఊరించాను. తీరా వెళ్లేసరికి సముద్రం పోటు మీదుంది. చెట్ల మొదళ్ల దాకా నీళ్లే. బురదా లేదు, చేపా లేదు, పీతా లేదు. పిల్లల మొహాలు చిన్నబోయాయి. ఆ రోజు పౌర్ణమి. ఇంటికొచ్చాక పంచాంగం, పోటుపాట్ల పట్టిక పక్కపక్కన పెట్టుకుని చూశాను. బెస్తవాళ్లు తరతరాలుగా లెక్కేసుకునేది అదే, నాకే ఆలస్యంగా తెలిసింది.

లెక్క ఇదీ. మన తీరంలో పోటు, అంటే నీళ్లు ఎక్కడం, రోజుకి రెండుసార్లు; పాటు, అంటే నీళ్లు వెనక్కి తీయడం, రోజుకి రెండుసార్లు. ప్రతిరోజూ ఆ వేళ ముందు రోజుకన్నా దాదాపు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది. పౌర్ణమి, అమావాస్యల్లో పొద్దున ఎనిమిది తొమ్మిది మధ్య నీళ్లు నిండుగా ఉంటాయి. వారం గడిచేసరికి అదే వేళకి నీళ్లు తీసి ఉంటాయి. కాబట్టి సప్తమి నుంచి దశమి లోపల వచ్చే ఆదివారం చూసుకోండి, శుక్ల పక్షమైనా కృష్ణ పక్షమైనా సరే. గోడకి వేలాడే తెలుగు క్యాలెండర్ చాలు. బయల్దేరే ముందు ఫోన్‌లో ఆ రోజు పోటుపాట్ల వేళ ఒకసారి సరిచూసుకుంటే ఇంకా మంచిది, ఎందుకంటే సముద్రంలో నీళ్లు తీసినంత త్వరగా పాయల లోపల తీయవు, కాస్త ఆలస్యం ఉంటుంది.

నీళ్లు తీసిన మడ అడవి ఎలా ఉంటుందో చెబుతాను. చెక్క దారి అంచున ఒకచోట ఆగి, మాట్లాడకుండా రెండు నిమిషాలు నిలబడండి. మొదట బురద తప్ప ఏమీ కనబడదు. బురదలోంచి పెన్సిళ్లు గుచ్చినట్టు వేలకొద్దీ వేళ్లు నిటారుగా పైకి లేచి ఉంటాయి. అవి మడ చెట్టు ఊపిరి వేళ్లు. బురదలో గాలి ఆడదు కాబట్టి చెట్టు తన వేళ్లనే పైకి పంపి గాలి పీల్చుకుంటుంది. కాసేపటికి వాటి మధ్య చిటికెన వేలి గోరంత రంధ్రాలు కనబడతాయి. మీరు కదలకపోతే ఒక్కో రంధ్రంలోంచి ఒక్కో పీత బయటికొస్తుంది. మగపీతకి ఒక డెక్క మాత్రం ఒంటికి మించినంత పెద్దగా ఉంటుంది, దాన్ని పైకీ కిందకీ ఊపుతుంటుంది. ఆడపీతని పిలవడానికీ, పక్క మగపీతని బెదిరించడానికీ అదే డెక్క. మా పిల్లలు దాన్ని "టాటా పీత" అనేవాళ్లు. బురద రంగులోనే ఉండి, కళ్లు నడినెత్తికి వచ్చినట్టుండే చేప ఒకటి రెక్కల మీద పాకుతూ వచ్చి టప్పున గెంతుతుంది. అదే మడ్‌స్కిప్పర్. చేప అయ్యుండీ నేల మీద తిరగగలుగుతుంది, తడి ఆరనంత సేపు చర్మంతో కూడా గాలి పీల్చుకుంటుంది. మీ బాబుని దాని పక్కనున్న నీటి గుంటని కూడా చూడమనండి, మధ్యమధ్యలో అది వెళ్లి ఒళ్లు తడుపుకుని వస్తుంది.

నీటిపిల్లులు (చేపలు పట్టే అడవి పిల్లులు), నీటికుక్కలు కూడా ఈ అడవిలో ఉన్నాయి. కానీ కనబడతాయని బాబుకి ఆశ పెట్టకండి. నీటిపిల్లి రాత్రి తిరిగే జంతువు. బురదలో దాని అడుగుజాడలు చూడటమే నాకు ఎప్పుడూ గొప్ప.

ఒక జాగ్రత్త మాత్రం తప్పనిసరి. ఆకులు తుంచొద్దు, కొమ్మలు విరవొద్దు. ఈ మడ అడవిలో తిల్ల అనే చెట్టుంది. ఆకు తుంచితే పాలు కారతాయి. ఆ పాలు ఒంటికి తగిలితే దురద, మంట. కంట్లో పడితే చాలా ప్రమాదం. ఒకసారి నా విద్యార్థి ఒకడు తెలియక ఆకు తుంచి, అదే చేత్తో కన్ను నులుముకున్నాడు. మాతో ఉన్న తాగే నీళ్లన్నీ ఆ కంటిమీదే ధారగా పోశాం. పావుగంట పోశాక కన్ను తెరవగలిగాడు. వెంటనే కంటి డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాం. రెండు రోజులు ఎర్రగా ఉండి తగ్గింది. అప్పటి నుంచి తాగడానికని కాకుండా విడిగా ఒక లీటరు సీసా బ్యాగులో ఉండాల్సిందే.

బోటు గురించి కూడా అడుగుతారని తెలుసు. బోటుకి కావలసింది దీనికి సరిగ్గా వ్యతిరేకం: పాయలో నీళ్లుండాలి. పాటు మీద బోటు బురదకి తగులుతుందని ఆపేస్తారు. నడక, బోటు రెండూ ఒకే పూటలో బాగా కుదరడం అరుదు. మొదటిసారి నడకకి వెళ్లండి. బోటు కోసం ఇంకో రోజు, నిండు పోటు వేళ చూసుకుని వెళ్లండి. సముద్రంలో ఉన్న హోప్ ఐలాండ్ అనే ఇసక దిబ్బ దాకా వెళ్లాలంటే అటవీ శాఖ వాళ్ల అనుమతి అడగాలి. సముద్రపు తాబేళ్లు గుడ్లు పెట్టే రోజుల్లో, అంటే చలికాలం చివర, అక్కడ మనం తిరగకపోవడమే మంచిది.

గేటు పొద్దు కాస్త ఎక్కాకే తెరుస్తారు. వేళలు, టికెట్టు మారుతుంటాయి, బయల్దేరే ముందు కనుక్కోండి. కార్తీక మాసంలో వనభోజనాల జనం ఉంటారు. చొల్లంగి అమావాస్య (పుష్య మాసం చివర వచ్చే అమావాస్య) నాడు సముద్ర స్నానాలకి వచ్చేవాళ్లతో ఆ రోడ్డంతా నిండిపోతుంది. ఆ రోజు అటువైపు నడక పెట్టుకోవద్దు.

వెళ్తూ వెళ్తూ బాబుకి కోరంగి కథ కూడా చెప్పండి. ఇప్పుడు చిన్న ఊరే గానీ, ఒకప్పుడు ఓడలు కట్టిన రేవు. ఇక్కడి నుంచి ఓడలెక్కి వెళ్లినవాళ్ల వల్ల బర్మాలో తెలుగువాళ్లని కోరంగీలనే పిలిచేవారు. 1789లో ఒకసారి, 1839లో మరోసారి ఉప్పెన వచ్చి ఈ రేవుని ముంచేసింది. ఆ ఉప్పెనల సంగతి తెలిసి మడ చెట్ల మధ్య నిలబడితే, ఈ చెట్లు అల జోరు తగ్గించి వెనకున్న ఊళ్లని కాస్తాయన్న మాట పుస్తకంలో వాక్యంలా అనిపించదు.

కాలువ గట్లు

ఇది ఎవరూ ట్రెక్కింగ్ లెక్కలో వేయరు. నా మటుకు నాకు గోదావరి జిల్లాల్లో అన్నిటికన్నా మంచి నడక దారి ఇదే.

ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయ్యాక తవ్విన కాలువల్లో ఒకటి కాకినాడ దాకా వస్తుంది. ఒకప్పుడు దాని మీద పడవలు నడిచాయి. ఊళ్లో ఉన్న కాలువ ముక్క చూస్తే మీకు నడవబుద్ధి కాదు, మురుగు కలిసింది. ఇంద్రపాలెం లాకులు దాటి ఊరు వదిలాక సంగతి వేరు. గట్టు మీద మట్టిబాట, ఒకపక్క నీళ్లు, రెండోపక్క వరిచేలు, మధ్యమధ్యలో కొబ్బరి చెట్లు. సామర్లకోట వైపు కాలువ గట్లు కూడా బాగుంటాయి.

మోకాళ్లకి మట్టి గట్టు ఎందుకు మంచిదంటే, సిమెంటు రోడ్డులా దెబ్బని తిరిగి కాలికి కొట్టదు. పైగా గట్టు సమంగా ఉంటుంది. మా ఫిజియోథెరపిస్టు స్నేహితుడు మోకాళ్ల నొప్పులున్నవాళ్లకి చెప్పేది కూడా ఇదే: చదునుగా, మెత్తగా, రోజూ కొంచెం. అత్తగారిని మొదటి వారం 15 నిమిషాలు వెళ్లి 15 నిమిషాలు తిరిగి రమ్మనండి. మర్నాడు పొద్దున లేచినప్పుడు నొప్పి ముందు రోజుకన్నా పెరగకపోతే, తర్వాతి వారం ఇంకో ఐదు నిమిషాలు కలపండి. నొప్పి పెరిగితే ఆ వారం తగ్గించండి. ఇంత మించి ఫార్ములా ఏమీ లేదు. మోకాలు వాచి ఉంటే మాత్రం ముందు డాక్టర్‌కి చూపించాకే ఏ నడకైనా.

గట్టు మీద బాబుకి పని: లకుముకి పిట్టల్ని లెక్కపెట్టడం. కరెంటు తీగ మీద కూర్చుని, నీళ్లలోకి రాయి పడ్డట్టు పడి, చేపతో లేస్తుంది. ఒక కిలోమీటరులో ఐదారు కనబడిన రోజులున్నాయి. నీటికాకులు రెక్కలు చాపి ఆరబెట్టుకుంటూ ఉంటాయి. గుర్రపు డెక్క ఆకుల మీద చిన్న చిన్న పిట్టలు నడిచిపోతుంటాయి.

జాగ్రత్తలు రెండు. తెల్లవారకముందు గట్టెక్కితే టార్చి, చేతికర్ర ఉండాలి. వరిచేల పక్కన ఎలకలుంటాయి, ఎలకల కోసం పాములొస్తాయి. కర్ర నేల మీద తాటిస్తూ నడిస్తే ఆ అదురుకి అవే తప్పుకుంటాయి. గడ్డి ఎత్తుగా పెరిగిన చోట దిగొద్దు. రెండోది, ఎండాకాలంలో కాలువలు కట్టేస్తారు. నీళ్లు లేని కాలువ చూడటానికి బాగోదు, వాసన కూడా. ఆ నెలల్లో గట్టు మానేసి సముద్రం వైపు వెళ్లండి.

సముద్రం ఒడ్డు

బీచ్‌లో నడక అనగానే అందరూ పొడి ఇసకలో నడుస్తారు. పాదం కూరుకుపోతుంది, మడమ తిరుగుతుంది, మోకాళ్ల నొప్పి ఉన్నవాళ్లకి రెండోరోజు మంచం. నీళ్లు తీసినప్పుడు బయటపడే తడి ఇసక గట్టిగా ఉంటుంది, దాని మీద నడవండి. ఇక్కడ కూడా పంచాంగం లెక్కే పని చేస్తుంది. వాకలపూడి వైపు బీచ్ పార్కు దగ్గర కూర్చోడానికి, పిల్లలు ఆడుకోవడానికి వీలుంది.

ఊరికి ఎదురుగా ఉన్న సముద్రం చెరువులా నెమ్మదిగా ఉంటుంది, ఎందుకంటే హోప్ ఐలాండ్ ఇసక దిబ్బ అడ్డంగా ఉండి అలల్ని ఆపుతుంది. ఆ దిబ్బ నీడ దాటి ఉత్తరానికి పోయే కొద్దీ అల పెద్దదవుతుంది. ఉప్పాడ చేరేసరికి సముద్రం ఊరినే కోసుకుపోతోంది. ఈ తేడా తెలియక, కాకినాడలో చూసిన నెమ్మదితనమే ఉప్పాడలోనూ ఉంటుందనుకుని నీళ్లలో దిగేవాళ్లున్నారు. దిగొద్దు. ఉప్పాడ బీచ్ రోడ్డు కార్లో వెళ్లడానికి చాలా బాగుంటుంది. నడవడానికి కాదు. లారీలు తిరుగుతాయి, వాయుగుండం పడ్డ రోజుల్లో అలలు రోడ్డెక్కుతాయి.

పిట్టలంటే ఇష్టం ఉంటే చలికాలంలో కుంభాభిషేకం రేవు వైపు, నీళ్లు తీసే వేళకి వెళ్లండి. బురద మేటల మీద ఉల్లంకి పిట్టలు గుంపులు గుంపులుగా దిగుతాయి. ఉత్తరాన మంచు దేశాల నుంచి వేల కిలోమీటర్లు ఎగిరొచ్చినవి వాటిలో ఉంటాయి. అక్కడ నడిచేది తక్కువ, నిలబడేది ఎక్కువ. చేపల వాసన ఉంటుంది. అత్తగారికి మడత కుర్చీ ఒకటి కార్లో వేసుకెళ్లండి.

ఇక కొండలు

పెద్దాపురం పాండవుల మెట్ట కాకినాడకి 20 కిలోమీటర్లు. అరణ్యవాసంలో పాండవులు ఇక్కడ తలదాచుకున్నారని ఊరివాళ్లు చెప్పుకుంటారు. రాతిలో తొలిచిన గుహలున్నాయి. భీముడి పాదాలని చూపించే గుర్తులున్నాయి. ఎనిమిదేళ్ల పిల్లాడికి ఇంతకన్నా ఏం కావాలి! ఎత్తు తక్కువే, ఓపికగా ఎక్కినా అరగంట లోపే. పైనుంచి చూస్తే చుట్టూ పచ్చటి బల్లపరుపు నేల. ఆ నేలలోనే మనం ఉంటున్నామని అక్కడికి వెళ్తేనే అర్థమవుతుంది. ఆషాఢంలో మరిడమ్మ జాతర జరిగే రోజుల్లో పెద్దాపురం వీధులు కిటకిటలాడతాయి, అప్పుడు వద్దు.

ఇంత చిన్న కొండని మూడో స్థానంలో ఎందుకు పెట్టానో చెప్పాలి. మా పక్కింటి పిన్నిగారికి అప్పుడు 64. "ఆ మాత్రం మెట్ట నేనెక్కలేనా" అని మాతో వచ్చారు. ఎక్కారు కూడా, నాకన్నా ముందే. అసలు కష్టం దిగేటప్పుడు వచ్చింది. ఎక్కేటప్పుడు ఊపిరికి పని, దిగేటప్పుడు మోకాలికి పని. ప్రతి అడుగులో ఒంటి బరువంతా వంగిన మోకాలి మీద పడుతుంది, తొడ కండకి బలం లేకపోతే ఆ బరువు కీలే మోయాలి. సాయంత్రానికి మోకాలు వాచింది. పది రోజులు ఇల్లు కదల్లేదు. తీసుకెళ్లింది నేను కాబట్టి ఆ పది రోజులూ నాకు టెన్షన్.

తర్వాత ఆవిడ గాంధీనగర్ పార్కులో మొదలుపెట్టి, అక్కడి నుంచి కాలువ గట్టుకి వచ్చారు. రోజూ ఇంట్లో కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేవడం, కూర్చోవడం పదిసార్లు చేసేవారు. తొడ కండకి అదే వ్యాయామం. నాలుగు నెలల తర్వాత అన్నవరం మెట్లెక్కారు. దిగేటప్పుడు మాత్రం బస్సు.

ఈ చిట్కా మీకూ పనికొస్తుంది: అన్నవరం మెట్ల దారిన ఎక్కండి, ఘాట్ రోడ్డు బస్సులో దిగండి. రత్నగిరి ఎత్తు 300 అడుగులు, మెట్లు 460 దాకా ఉంటాయి. కాకినాడ నుంచి 50 కిలోమీటర్లు. తెల్లవారుజామున మొదలుపెడితే మెట్లు చల్లగా ఉంటాయి, మధ్యలో ఎక్కడైనా కూర్చోవచ్చు, తాగడానికి నీళ్లు దొరుకుతాయి. పైనుంచి పంపా రిజర్వాయరు కనబడుతుంది. స్వామి దర్శనం అయ్యాక ఆకులో కట్టిచ్చే వేడి ప్రసాదం తింటూ కాసేపు పైనే కూర్చుంటే ఎక్కిన అలసట తెలియదు. పెళ్లిళ్ల రోజులు, కార్తీక మాసం, ఏకాదశులు తప్పించండి. మామూలు బుధవారమో గురువారమో సెలవు పెట్టుకోగలిగితే మెట్లన్నీ మీవే.

గొల్లప్రోలు దగ్గర కొడవలిలో ధనం దిబ్బ అని ఒక చిన్న కొండ ఉంది. బౌద్ధ స్తూపం ఆనవాళ్లు, చండసాతి అనే శాతవాహన రాజు కాలం నాటి బ్రాహ్మీ శాసనం ఉన్న చోటు. చరిత్ర ఇష్టమైతే తప్పక వెళ్లండి. నీడ లేదు, దుకాణం లేదు, జనం కూడా ఉండరు. అందుకని ఒంటరిగా కాకుండా నలుగురు కలిసి, మార్గశిరం పుష్యం రోజుల్లో, పొద్దున్నే వెళ్లొచ్చేయాలి. అత్తగారికి ఇది వద్దు.

తుని దగ్గర తలుపులమ్మ లోవ 70 కిలోమీటర్లు. రెండు కొండల మధ్య లోయ, చెట్లు, చల్లదనం. నడక కన్నా రోజంతా గడపడానికి బాగుంటుంది. కోతులు ఉంటాయి, తినేవి చేతిలో కనబడనీయొద్దు. మారేడుమిల్లి గురించి అందరూ చెబుతారు, అడవి నిజంగా గొప్పది. కానీ వెళ్లిరావడానికే పూట పైన పడుతుంది. ఆదివారం నడక లెక్కలోకి రాదు, రెండు రోజుల సెలవు దొరికినప్పుడు చూసుకోండి.

ఏ ఆటంకమూ లేని చదును నడకలు ఇంకో మూడు

వర్షం పడి కోరంగి చెక్కలు జారుతున్న రోజుల్లో (నిజంగా జారతాయి, పాచి పడుతుంది) ఇవి పనికొస్తాయి. సామర్లకోట భీమేశ్వరాలయం ప్రాకారం లోపల చుట్టూ తిరగడం ఒకటి. తూర్పు చాళుక్యుల నాటి గుడి, విశాలమైన ఆవరణ, లింగం రెండంతస్తుల ఎత్తు. యానాంలో గౌతమి గోదావరి ఒడ్డున వేసిన నడక దారి రెండోది, సాయంత్రం గాలికి వెళ్లాలి. 30 కిలోమీటర్లే. మూడోది కడియం నర్సరీలు. దూరం కాస్త ఎక్కువే గానీ, మొక్కల వరసల మధ్య అత్తగారు రెండు గంటలు నడిచినా నడిచినట్టు తెలియదు. మా ఇంట్లో ఆడవాళ్లతో వెళ్లిన ప్రతిసారీ కారు డిక్కీ నిండింది.

సమయం, చెప్పులు, నీళ్లు

హైదరాబాద్ ఎండకీ ఇక్కడి ఎండకీ తేడా ఉంది. ఇక్కడ చెమట పడుతుంది గానీ ఆరదు. గాలిలో తేమ ఎక్కువ కాబట్టి ఒళ్లు చల్లబడదు. మీటరు చూస్తే 34 డిగ్రీలే ఉంటుంది, మనిషి మాత్రం వడిలిపోతాడు. మార్చి నుంచి జూన్ దాకా పార్కు, గట్టు, బీచ్, కొండ ఏదైనా సరే, ఎనిమిదింటికల్లా ఇంటి దారి పట్టాలి. కోరంగిని ఆ నాలుగు నెలలూ వదిలేయండి. నవంబరు నడుమ నుంచి ఫిబ్రవరి చివరిదాకా అన్నిటికీ మంచి కాలం, తుఫాను హెచ్చరిక లేని రోజు చూసుకుంటే చాలు.

ఉత్త నీళ్లు కాకుండా ఉప్పేసిన పల్చటి మజ్జిగ ఒక సీసా పెట్టుకోండి. అత్తగారికి షుగర్ ఉంటే బిస్కెట్లో, అరటిపండో దగ్గరుండాలి, పరగడుపున నడిపించొద్దు. చెప్పులు ఇంట్లో వదిలేసి వెనక మడమ పట్టి ఉండే కాన్వాస్ బూట్లు వేసుకోవాలి, ముఖ్యంగా చెక్కల మీద. ఖరీదైన ట్రెక్కింగ్ బూట్లు ఇక్కడ అక్కర్లేదు. బురద అంటితే కడిగేసి ఆరేసుకునేలా ఉంటే చాలు. దోమల మందు కోరంగికి తప్పనిసరి.

బాబుకి చిన్న నోటుపుస్తకం ఒకటి కొనివ్వండి. వెళ్లిన ప్రతిసారీ తేదీ, తిథి, వేళ, నీళ్లు ఎంతవరకు ఉన్నాయో రాయమనండి. కమ్మీ కింద ఏదో ఒక కర్రని గుర్తు పెట్టుకుని, నీళ్లు దాని ఏ గణుపు దాకా వచ్చాయో రాస్తే చాలు. నా విద్యార్థి ఒకమ్మాయి అలా ఏడాది రాసింది. రెండో ఏడు నేను పట్టిక తీయకముందే "సార్, ఈ ఆదివారం పాటు పదింటికి" అని తనే చెప్పేది.

ఈసారి వచ్చే సప్తమి, దశమి మధ్య ఆదివారం ఉందేమో క్యాలెండర్ చూసుకుని కోరంగితో మొదలుపెట్టండి. కొండల సంగతి అత్తగారికి ఇప్పుడే చెప్పొద్దు. నెల రోజులు గట్టు మీద నడిచాక ఆవిడ ఎంతసేపు నడవగలుగుతున్నారో, మర్నాడు మోకాలు ఎలా ఉంటోందో ఇక్కడే రాయండి. పాండవుల మెట్టకి ఎప్పుడు బయల్దేరొచ్చో అప్పుడు చెబుతాను.